పేరు లేని బటన్లు
(బెంగళూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పచ్చడి గురించి ముందు మాట్లాడినవారు ఏమీ మిగల్చలేదు కనుక నేరుగా విషయానికొస్తాను. ఈ హాల్లో సగం మంది వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో యాప్‌లు తయారుచేసేవాళ్లే. పేచీ మీతోనే: చూపు లేనివారు, చూపు తక్కువున్నవారు మీ యాప్‌లు వాడలేకపోతున్నారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21, అంటే జీవించే హక్కు, కిందికి వస్తుందని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. కేవైసీలో, అంటే మనమెవరమో రుజువు చేసుకునే తంతులో, ‘కళ్లార్పండి’ అని అడిగితే, యాసిడ్ దాడిలో రెప్పలు దెబ్బతిన్న మనిషి ఎలా ఆర్పాలి? ఆ కేసు పుట్టింది అక్కడే.

రంగుల గురించీ చెప్పాలనుకున్నాను. తెలుపు మీద #777777 బూడిదరంగు అక్షరాల కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా, 4.48, మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి. #767676 పెడితే గట్టెక్కుతుంది. సరే, ఇది యాప్‌ను పరీక్షించే టూల్ పట్టేస్తుంది. బటన్‌కు పేరు లేదనీ పట్టేస్తుంది. పెట్టిన పేరు పనికొస్తుందో లేదో మాత్రం దానికి తెలియదు.

కూరగాయల యాప్‌లో బుట్ట తెరవండి. పది వస్తువులు, పక్కన పది చెత్తడబ్బా బొమ్మలు. పేరు పెట్టకపోతే, చూపు లేనివారికి తెర మీదున్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ టాక్‌బ్యాక్‌కు అవన్నీ ఉత్త బటన్లే. ఎవరో ఫిర్యాదు చేస్తే ‘తొలగించు బటన్’ అని రాసి పంపేస్తారు. ఇక ‘తొలగించు బటన్, బటన్’ అని వినిపిస్తుంది, ఎందుకంటే రెండో ‘బటన్’ టాక్‌బ్యాక్ తనే చేరుస్తుంది. ఇంతకీ తొలగించేది దేన్ని? ‘ఉల్లిపాయలు తొలగించు’ అని పెట్టండి. ఆండ్రాయిడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్, వెబ్‌లో ఏరియా లేబుల్ (aria-label). ఒక్క లైను. అయ్యా, ఒక్కటంటే ఒక్క లైను!

మన తెలుగుకు ఇంకో తిప్పలుంది. బటన్ ఎత్తు ఇంగ్లిషు అక్షరాలకు కొలిచి బిగించేస్తారు. చూపు తక్కువున్నవారు అక్షరాలు పెద్దవి చేసుకోగానే కింది వత్తు తెగిపోయి ‘రద్దు’ కాస్తా ‘రదు’ అవుతుంది. ఎత్తు బిగించకండి, అక్షరాలతో పాటు పెరగనివ్వండి.

ఇంటికెళ్లాక టాక్‌బ్యాక్ పెట్టుకుని, కళ్లు మూసుకుని మీ యాప్‌లో ఒక్క ఆర్డరు పెట్టి చూడండి. ముందు సెట్టింగ్స్‌లో వాల్యూమ్ కీల షార్ట్‌కట్ పెట్టుకోండి. టాక్‌బ్యాక్ మొదలయ్యాక ఒకసారి తాకితే పేరు చదువుతుందంతే, తెరవాలంటే రెండుసార్లు తట్టాలి, స్క్రోల్‌కు రెండు వేళ్లు కావాలి. కంగారుపడి ఫోన్ ఆపేయకండి. రెండు వాల్యూమ్ కీలూ కలిపి మూడు సెకన్లు నొక్కితే అదే ఆగుతుంది.