రాత నేర్పే ఆన్‌లైన్ కోర్సు, సెక్షన్ మొత్తానికి సున్నా: స్టూడియో చర్చ పూర్తి పాఠం

(శ్రీకాకుళంలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమానికి ఇది అక్షర రూపం. చదువరుల సౌకర్యం కోసం వాక్యాలను కొంత సరిచేశాం. ఒకరి మాటకు మరొకరు అడ్డుపడిన చోట్లను మాత్రం అలాగే ఉంచాం. వాటిని తీసేస్తే మిగిలేది బహు స్వల్పం.)

సంధానకర్త: ప్రేక్షకులకు నమస్కారం. జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాల తన విద్యార్థులకు అకడమిక్ రీడింగ్ అండ్ రైటింగ్ అనే ఆన్‌లైన్ కోర్సును తప్పనిసరి చేసింది. పరిశోధన వ్యాసాలను ఎలా చదవాలి, చదివిన దాన్ని ఆధారాలు చూపుతూ సొంత వాక్యాల్లో ఎలా రాయాలి అన్నది ఈ కోర్సు నేర్పుతుంది. గత వారం ఒక సెక్షన్‌లోని అందరి అసైన్‌మెంట్లకూ కాపీ అన్న కారణంతో సున్నా వేశారు. విద్యార్థులు గేటు ముందు బైఠాయించారు. తప్పెవరిది? ఇంకా సూటిగా అడుగుతాను. 2021-22 నుంచి డిగ్రీలో తెలుగు మాధ్యమాన్ని ఎత్తివేసిన దానికి ఇది ఫలితమా? ఇరుపక్షాలకూ సమాన అవకాశం ఇస్తామని మనవి చేస్తూ, ముందుగా విశ్రాంత ప్రిన్సిపాల్ గారిని మాట్లాడమని కోరుతున్నాను.

విశ్రాంత ప్రిన్సిపాల్: ముమ్మాటికీ ఫలితమే. అయితే మీరు ఒక కారణం చెప్పారు, నేను అంతకంటే పెద్ద కారణం చెబుతాను. రాయడం అనే విద్య వీడియో చూస్తే వచ్చేది కాదు. విద్యార్థి రాసిన కాగితాన్ని మాస్టారు చేతిలోకి తీసుకుని, ఈ వాక్యం ఎందుకు రాశావు, ఈ సంగతి నీకెక్కడ దొరికింది అని నిలదీసి, ఎర్ర సిరాతో దిద్ది, మళ్లీ రాయించి, అప్పటికీ కుదరకపోతే మూడోసారి కూడా రాయించినప్పుడే అది వంటబడుతుంది. ఇప్పుడు కళాశాలలు చేస్తున్నదేమిటి? పాఠం చెప్పే బాధ్యతను కంప్యూటరుకు అప్పజెప్పారు, దిద్దే బాధ్యతను కంప్యూటరుకు అప్పజెప్పారు, చివరికి—

అధ్యాపకురాలు: దిద్దడం విషయంలో మీతో నాకు విభేదం లేదు సార్, కానీ—

విశ్రాంత ప్రిన్సిపాల్: నన్ను పూర్తి చేయనివ్వండమ్మా. చివరికి దొంగను పట్టే బాధ్యతను కూడా కంప్యూటరుకే అప్పజెప్పారు. ఇక అధ్యాపకుడికి మిగిలిన పని ఏమిటి, హాజరు వేయడమా?

సంధానకర్త: చాలా పదునైన ప్రశ్న. మేడమ్, మీరు ఇలాంటి కోర్సుకు మెంటర్‌గా వ్యవహరిస్తున్నారు. క్లుప్తంగా సమాధానం చెప్పండి.

(ఈ క్లుప్తత షరతు ప్రిన్సిపాల్ గారికి కార్యక్రమం పొడవునా ఒక్కసారి కూడా వర్తించలేదు.)

అధ్యాపకురాలు: ఆన్‌లైన్ కోర్సులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదికను చూడండి. అక్కడి కోర్సుల్లో వీడియో పాఠం ఉంటుంది, చదువుకోవడానికి పాఠ్యాంశం ఉంటుంది, సందేహాలు చర్చించుకునే చోటు ఉంటుంది, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు ఉంటాయి. ఒక సెమిస్టరులో 20 శాతం వరకు కోర్సులను ఇలా చదవడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016లో అనుమతించింది, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. కనుక కళాశాల నిబంధనలకు విరుద్ధంగా ఏమీ చేయలేదు. లోపం వేరే చోట ఉంది. ఐఐటీలు కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల పద్ధతిలో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75 మార్కులు ఉంటాయి. సర్టిఫికెట్ రావాలంటే మొదటి దానిలో 10, రెండో దానిలో 30 తెచ్చుకుంటే చాలు. చివరి పరీక్షలో సాధారణంగా నాలుగు జవాబుల్లో సరైన దాన్ని గుర్తించే ప్రశ్నలే ఎక్కువ. గణితానికో ప్రోగ్రామింగుకో అది కొంత సరిపోవచ్చు గాని, పేరా రాయడం నేర్పే కోర్సులో విద్యార్థి ఒక్క పేరా కూడా రాయకుండానే ఉత్తీర్ణత సాధించే వీలుంటే—

సంధానకర్త: అంటే అసలు సమస్య మాధ్యమమేనని మీరూ ఒప్పుకుంటున్నారు.

అధ్యాపకురాలు: నేను ఆ మాట అనలేదండీ.

విశ్రాంత ప్రిన్సిపాల్: అనకపోయినా అర్థం అదే.

సంధానకర్త: విద్యార్థుల పక్షాన వచ్చిన అమ్మాయిని అడుగుదాం. అమ్మా, నువ్వు ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివావు కదా? ఇంగ్లీషు వ్యాసం చేతికిచ్చేసరికి భయం వేసిందా?

విద్యార్థిని: మొదట వేసిందండి. అయితే నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. మాకిచ్చిన వ్యాసం 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను తర్వాత మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటల పరిస్థితి గురించినది. నేను మొదటి పేజీలో మొదటి వాక్యం దగ్గర మొదలుపెట్టి, తెలియని ప్రతి మాటకూ ఫోనులో అర్థం వెతుక్కుంటూ చదివాను. రెండో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీలో ఏమి చదివానో గుర్తు లేదు. ఆ తర్వాత వీడియోలో చెప్పిన పద్ధతిని పాటించాను. ముందుగా సారాంశం, వెంటనే ముగింపు, ఆపైన ఉపశీర్షికలు, పట్టికలు చూసి, ఈ రచయిత ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాడో మార్జినులో ఒకే వాక్యంగా రాసుకుని, అప్పుడు మొదటి నుంచి చదవమన్నారు. అలా చదివితే అది మా ఇంటి సంగతేనని తెలిసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది గనుక, పడిపోయిన చెట్టుకు ఒక ఏడాది దిగుబడి లెక్కగట్టి పరిహారం ఇస్తే నష్టం తీరదని మా తాతగారు అరుగు మీద కూర్చుని చెప్పే మాటనే, వ్యాసంలో పట్టికతో, లెక్కతో చూపించారు. మాకు తెలిసిన విషయాన్ని ఇలా కూడా రాయవచ్చని నాకు ఆ రోజే—

విశ్రాంత ప్రిన్సిపాల్: అంత బాగా అర్థమైనప్పుడు కాపీ ఎందుకు కొట్టారమ్మా?

విద్యార్థిని: నేను కొట్టలేదు సార్. నా సారాంశాన్ని స్నేహితులు చూస్తామంటే గ్రూపులో పెట్టాను. నాకూ సున్నా వేశారు.

విశ్రాంత ప్రిన్సిపాల్: ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే. వరకట్నం చట్టం కూడా అదే చెబుతోంది. (స్టూడియోలో నవ్వులు.)

అధ్యాపకురాలు: ఆ అసైన్‌మెంట్లలో కొన్నింటిని నేను చూశాను. వ్యాసంలో తుపాను వచ్చిన సంవత్సరం 2018 అని స్పష్టంగా ఉంది. ఎవరి దగ్గర పొరపాటు మొదలైందో గాని, సెక్షన్‌లో చాలామంది 2008 అని రాశారు. ఒక అబ్బాయి ప్రతి వాక్యంలోనూ మాటలు మార్చాడు, వాక్యాల వరుస మార్చాడు, తుపానును పెనుగాలి అన్నాడు, ఆ 2008ని మాత్రం ముట్టుకోలేదు. సాఫ్ట్‌వేర్ అతని కాగితంలో పోలిక తక్కువగా ఉందని చెప్పింది. అంటే అసలు వ్యాసాన్ని తెరవని వాడు యంత్రానికి దొరకలేదు, కష్టపడి చదివిన ఈ అమ్మాయి దొరికింది. యంత్రం పోలికను లెక్కిస్తుందే గాని, ఎవరు చదివారో, ఎవరు చదవలేదో దానికి తెలియదు. మనిషి కూర్చుని చదివితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

విశ్రాంత ప్రిన్సిపాల్: అదే కదా నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది! మాస్టారు చదవాలి, మాస్టారు దిద్దాలి.

అధ్యాపకురాలు: మీరు కోర్సే వద్దంటున్నారు సార్. కోర్సు ఉండాలి, దానికి తోడు చదివే మనిషి కూడా ఉండాలి అంటున్నాను నేను. శిక్ష విషయంలో ఇంకొక సంగతి కూడా ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే, ఆరు నెలలు మించని గడువులో తిరగరాసి ఇమ్మంటారు. అది థీసిస్‌లు, డిసర్టేషన్‌లు సమర్పించే పెద్దలకు ఇచ్చిన వెసులుబాటు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న డిగ్రీ పిల్లలకు తిరగరాసే అవకాశం ఇవ్వకుండా నేరుగా సున్నా వేయడం—

విశ్రాంత ప్రిన్సిపాల్: దొంగకు ఆరు నెలల గడువా! ఎంత ముచ్చటగా ఉందండీ! అందుకే ఈ దేశంలో—

సంధానకర్త: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. చాట్‌జీపీటీ సంగతేమిటి? 2022 నవంబరులో అది వచ్చిన తర్వాత పిల్లలు సొంతంగా రాయడం మానేశారని అంటున్నారు.

విశ్రాంత ప్రిన్సిపాల్: ఎప్పుడో మానేశారు. అది రాకముందు గైడ్లు ఉండేవి. గైడ్లు చూసి రాసినవాడికి కనీసం చేతిరాత అయినా మిగిలేది.

తండ్రి: బాబూ, నేనొక మాట చెప్పవచ్చా? చాలాసేపటి నుంచి—

సంధానకర్త: తప్పకుండా. మీ అమ్మాయి కూడా అదే కళాశాలలో చదువుతోంది. తెలుగులో ఉంటే ఇంకా బాగా రాసేదని మీకు అనిపిస్తోందా?

తండ్రి: తెలుగో ఇంగ్లీషో నాకు తెలియదు బాబూ. మా ఇంట్లో మంచి ఫోను ఒక్కటే ఉంది. అది పగలంతా నాతో పొలానికి వస్తుంది. పాప రాత్రి భోజనాలయ్యాక వీడియోలు చూస్తుంది. అసైన్‌మెంటు గడువు ఆదివారం అర్ధరాత్రికి ముగుస్తుందట. ఆ వేళకు కరెంటు పోయినా, సిగ్నల్ పోయినా వారం కష్టం పోయినట్టే. పాప ఫోను చూస్తూ నవ్వితే చదువుతోందనుకోవాలో లేదో నాకు తెలియదు, అడిగితే కోపం వస్తుంది. సున్నా వేసిన రోజున కళాశాల నుంచి మాకు ఒక్క కబురు రాలేదు. ఊళ్లో వాళ్లు చెబితే తెలిసింది. కాపీ అంటే ఎక్కడ ఏది కాపీ అయిందో కాగితం మీద చూపించమని అడగడానికి వెళితే, అంతా కంప్యూటరులో ఉందని పంపించేశారు. ఆ కాగితం ఇప్పించండి చాలు.

సంధానకర్త: ఒక తండ్రి ఆవేదన విన్నాం. ఇక్కడే నేను మళ్లీ నా ప్రశ్నకు వస్తాను. వ్యావహారిక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన జిల్లా ఇది. ఈ గడ్డ మీద పిల్లలు తమ భాషలో నాలుగు వాక్యాలు రాయలేని దుస్థితి ఎందుకు వచ్చింది?

విశ్రాంత ప్రిన్సిపాల్: అద్భుతమైన ప్రశ్న. అయితే చిన్న సవరణ. 1863లో ఆయన పుట్టింది ఇక్కడి పర్వతాలపేటలోనే గాని, చదువుకున్నది విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో. గురజాడ అప్పారావు గారికి సహాధ్యాయి. కనుక ఆయన ఒక్క శ్రీకాకుళం సొత్తు కాదు.

సంధానకర్త: పుట్టిన ఊరు పుట్టిన ఊరేనండీ. తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29న జరుపుకుంటున్నాం, అది ఆయన పుట్టిన రోజు.

విశ్రాంత ప్రిన్సిపాల్: నేను కాదనలేదు. కానీ విజయనగరం వాతావరణమే లేకపోతే—

(ఈ రెండు జిల్లాల వాటాల పంపకం మరికొంతసేపు సాగింది. ఇక్కడ కుదించాం.)

అధ్యాపకురాలు: మీరు ఎత్తారు గనుక చెబుతాను. మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు వ్యాసరచన ఏ శైలిలో ఉండాలన్న వివాదంలో గురజాడ వారు 1914లో తమ అసమ్మతి పత్రం రాశారు. అది కూడా విద్యార్థి పరీక్షలో ఎలా రాయాలన్న వివాదమే. ఆ పత్రాన్ని ఆయన ఇంగ్లీషులో రాశారు. ఎదుటి పక్షం వాదాన్ని ముందు పరిచి, ఒక్కొక్క అంశానికి ఆధారాలు చూపి జవాబు చెప్పారు. మనం ఈ కోర్సులో నేర్పాలనుకుంటున్నది సరిగ్గా అదే పని. కనుక మాధ్యమం ఏదన్న దాని కంటే—

సంధానకర్త: ఇంగ్లీషులో రాసినా తెలుగు కోసమే రాశారు కదా!

విశ్రాంత ప్రిన్సిపాల్: అదీ దెబ్బ!

అధ్యాపకురాలు: నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనిస్తారా? వారానికి ఒక గంట, పదేసి మంది పిల్లలను కూర్చోబెట్టి, ఒకరి పేరా మరొకరి చేత చదివించి, కాగితం అంచున రెండు ప్రశ్నలు రాయిస్తే చాలు. నువ్వు చెప్పిన ఈ సంగతికి ఆధారం ఎక్కడ ఉంది, ఇది రచయిత మాటా, నీ మాటా అన్నవే ఆ ప్రశ్నలు. వీడియో పాఠం వృథా కాదు, సున్నా వేయవలసిన అవసరమూ రాదు. కానీ ఆ గంటకు టైమ్‌టేబుల్‌లో చోటు లేదు. పైగా ఆన్‌లైన్ కోర్సు కనుక దానికి పనిభారం లెక్కించడం లేదు. రెండు సెక్షన్లు, మూడు కోర్సులు ఉన్న ఒక్క అధ్యాపకురాలు—

విశ్రాంత ప్రిన్సిపాల్: చూశారా? చివరికి నా దారికే వచ్చారు! కంప్యూటరు కాదు, మాస్టారు కావాలని మేడమ్ గారే చెప్పారు. నేను ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు ఇలాంటి పనికి టైమ్‌టేబుల్ అడిగిన వాళ్లే లేరు. సాయంత్రం ఆరు వరకు స్టాఫ్ రూమ్‌లో పుస్తకాలు దిద్దేవాళ్లం. మనసుంటే మార్గముంటుంది. ఈ తరం అధ్యాపకులకు—

విద్యార్థిని: సార్, మాకు తిరగరాసే అవకాశం ఇప్పిస్తారా లేదా అన్నది ఎవరూ చెప్పలేదండి. సెమిస్టరు మార్కులు వచ్చే నెలలో పంపుతారట.

సంధానకర్త: మంచి ప్రశ్న అమ్మా, కానీ సమయం అయిపోవచ్చింది. ప్రిన్సిపాల్ గారూ, ఒక్క మాటలో, ఈ ఆన్‌లైన్ కోర్సు ఉండాలా, పోవాలా?

విశ్రాంత ప్రిన్సిపాల్: ఒక్క మాటలో చెప్పాలంటే పోవాలి. అయితే అందుకు మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, నేను ఇందాకే చెప్పినట్టు, వీడియోకు కళ్లు లేవు. విద్యార్థి నిద్రపోతున్నాడో, మేలుకున్నాడో దానికి—

తండ్రి: కాగితం సంగతి, బాబూ.

సంధానకర్త: నోట్ చేసుకున్నామండీ. ప్రిన్సిపాల్ గారి వాదనలోని బలాన్ని మేడమ్ గారు కూడా అంగీకరించినందుకు సంతోషం. తెలుగు మాధ్యమాన్ని తిరిగి తేవాలా అన్న అంశంపై వచ్చే వారం ఇదే వేదికపై—

అధ్యాపకురాలు: నేను అంగీకరించింది అది కాదండీ.

విశ్రాంత ప్రిన్సిపాల్: రెండో కారణం వినండి—

(ప్రకటనలు మొదలయ్యాయి. రికార్డు ఇక్కడితో ఆగింది.)