వ్యాసంలో ఆ అద్దం సంగతేంటో చూద్దాం

"సాహిత్యం సమాజానికి అద్దం." వ్యాసానికి సాహిత్యం, రాజకీయాలు, సమాజం అని టాపిక్ ఇస్తే చాలు, అందరూ ఈ వాక్యంతోనే మొదలుపెడతారు. ఆ తర్వాత సాహిత్యానికో పేరా, రాజకీయాలకో పేరా, సమాజానికో పేరా. ఒకదాని మొహం ఒకటి చూడదు. చదువుతుంటే చిరాకొస్తుంది. సరే, అద్దమే అనుకుందాం. పట్టుకున్నదెవరు, ఎవరి మొహం ముందు పెట్టారు? వ్యాసం రాయాల్సింది దాని గురించి.

గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం తీసుకోండి. కథ మీకు తెలుసు, వదిలేద్దాం. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ రాసిన ముందుమాట ఎంతమంది చూశారు? విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ ఇళ్లలో జరిగిన శుల్క వివాహాల, అంటే పెళ్లికూతురికి డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల, జాబితా ఒకటి విజయనగరం మహారాజు తయారు చేయించారట. లెక్కకొచ్చినవి 1,034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు, వాళ్ల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు.

ఇప్పుడు చెప్పండి, ఇది సమాజమా, రాజకీయమా? పెళ్లి ఇంటి వ్యవహారం, లెక్క తీయించింది రాజుగారు, ఆ లెక్కని తెచ్చి నాటకం గుమ్మంలో పెట్టింది రచయిత. మూడు పేరాలుగా ఎలా కోస్తారు దీన్ని? పైగా ముందుమాట ఇంగ్లీషులో, నాటకం వాడుక తెలుగులో. ఒకే పుస్తకంలో అద్దం అటు ఇంగ్లీషు చదువుకున్న పెద్దల వైపూ, ఇటు నాటకం చూసే జనం వైపూ తిరిగి ఉంది. నాకైతే నాటకంలో అందరికీ నచ్చే పాత్ర గిరీశం కంటే ఈ ఏర్పాటే ఎక్కువ ఇష్టం, తిట్టుకుంటే తిట్టుకోండి.

అసలు అద్దమనే పోలిక కూడా చాలదని ఇక్కడే తేలిపోతుంది. అద్దం ఉన్నదే చూపిస్తుంది కదా. మరి నాటకంలో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లకి పెళ్లికూతురుగా అంటగడతాడే, అది ఏ జాబితాలో ఉంటుంది? బేరం కుదిరితే చాలు, పీటల మీద ఎవరు కూర్చున్నా ఒకటే అని 1,034 అనే అంకె చెప్పలేదు. ఆ సీను నవ్విస్తూనే చెప్పేస్తుంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఒక్క రచనే పట్టుకోండి. డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతోందో, చట్టం ఎక్కడ తగులుతోందో చూడండి, ఇదే నాటకంలో కూతుర్ని డబ్బుకి పెళ్లి చేయబోయే అగ్నిహోత్రావధాన్ల కోర్టు పిచ్చి లాంటివన్నమాట. ఒక్క డైలాగ్ ఎత్తి రాసి దాని మీద నాలుగు వాక్యాలు రాయండి. రచయిత మహానుభావుడు అన్న పేరా కొట్టేయండి, చోటు దండగ. భాషనీ వదలకండి: 1914లో గురజాడ వాడుక భాష పక్షాన మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చారు. విద్యార్థులు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నదే అప్పటి గొడవ. దాని మీద ఇంకో వీడియో చేస్తాను.