డాలస్ ఆపరేషన్ బిల్లుకి వేళచ్చేరిలో పోస్టుమార్టం | చెన్నై వ్లాగ్

హాయ్ అండీ, బాగున్నారా? డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి చెన్నై వచ్చి నాలుగు రోజులైంది. వెనకాల ఆ హారన్లకి ఏమీ అనుకోకండి, వేళచ్చేరిలో మా చెల్లెలి బాల్కనీ ఇది. అమ్మ కూడా నెల్లూరు నుంచి ఇక్కడికే వచ్చేసింది. ఇవాళ టీ నగర్ షాపింగ్ చూపిద్దామనుకున్నా. కానీ నా సూట్‌కేసులో ఒక కవరుంది, ముందు దాని సంగతి.

మార్చిలో నాకు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేశారు, రెండువైపులా. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేశా. కుట్లు మానాక వచ్చింది బిల్లు, రెండువేల డాలర్ల పైచిలుకు. ఇన్సూరెన్సు వాళ్ల ఈఓబీ, అంటే దేనికి ఎంత ఇచ్చారో చెప్పే కాగితం, చూస్తే ఒక లైన్‌కి డబ్బిచ్చారు, రెండో లైన్‌కి 'డూప్లికేట్' అని సున్నా పెట్టారు.

మా చెల్లెలు పెరుంగుడిలో మెడికల్ కోడర్. అమెరికా డాక్టర్లు రాసిన ఆపరేషన్ నోట్లు చదివి, బిల్లు కోసం ఒక్కోదానికి కోడ్ నంబర్లు వేయడమే పని. వాళ్లాఫీసు చూపిద్దామని కెమెరాతో వెళ్లానండీ, ఫ్లోర్‌లోకి ఫోనే రానివ్వరు! పేషెంట్ల వివరాలు కదా, వాటిని బయటపెట్టకూడదనే అమెరికా హిప్పా చట్టం. అందుకే మీకు గేటు, ఎదురుగా టీ కొట్టు మాత్రమే.

రాత్రి భోజనాలయ్యాక కాగితాలన్నీ నేలమీద పరిచింది.

"అన్నయ్యా, దగ్గితే ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయేదా?"

చెల్లెలి ముందు ఇదేం ప్రశ్నండీ! అవునన్నా.

"అది రెడ్యూసిబుల్. కోసి చేసే ఓపెన్ అయితే, పెద్దవాళ్లకి మొదటిసారి 49505. లోపలికి పోకుండా ఇరుక్కుపోతే 49507. నోట్‌లో ఆ ఒక్క మాట ఉందా లేదా అని మేం కళ్లు కాయలు కాసేలా వెతుకుతాం. నీది చిన్న చిల్లుల్లోంచి చేసే ల్యాప్రోస్కోపీ కాబట్టి ఆ తేడా లేదు. మొదటిసారికి 49650, తిరగబెడితే 49651."

"మరి లోపల పెట్టిన ఆ వలలాంటి మెష్?"

"గజ్జల హెర్నియాకి మెష్ పెట్టినందుకు సర్జన్‌కి వేరే కోడ్ లేదు. అందులోనే."

అప్పుడు దొరికింది దొంగ. 49650ని రెండు లైన్లలో వేశారు, ఎడమా కుడీ అని చెప్పే మాడిఫయర్ ఏదీ లేకుండా. పైగా జబ్బు కోడ్ కె40.90, అంటే ఒకవైపే. ఒకే ఆపరేషన్‌ని రెండుసార్లు బిల్ చేశారనుకోదా ఇన్సూరెన్సు? రెండువైపులా అయితే కె40.20 వేసి, 49650 పక్కన, రెండువైపులా చేశారని చెప్పే 50 మాడిఫయర్ పెట్టాలట. అక్కడ పెద్దవయసువాళ్లకుండే ప్రభుత్వ ఇన్సూరెన్సు మెడికేర్ అయితే దానికి ఒకటిన్నర రెట్లు ఇస్తుంది. కొన్ని ప్రైవేటు కంపెనీలు మాత్రం ఎల్‌టీ (ఎడమ), ఆర్‌టీ (కుడి) అని రెండు లైన్లే అడుగుతాయట. ఎవరి ఆచారం వాళ్లది, మన పెళ్లిళ్లలాగే.

ఇంకోటి. ఆపరేషనైన పదిరోజులకి డాక్టర్ దగ్గరికి చూపించుకోడానికి వెళ్తే ఫీజు అడగలేదు. ఎంత మంచాయనో అని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నా. చెల్లెలు పడిపడి నవ్వింది. 90 రోజుల గ్లోబల్ పీరియడ్ అట, మామూలు ఫాలో-అప్‌లన్నీ ఆపరేషన్ డబ్బులోనే కలిసుంటాయట!

"నువ్వే సరిచేసెయ్ రాదే" అన్నా. "నీ క్లెయిమ్ నేను ముట్టుకోకూడదు. డాక్టర్ బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఇన్సూరెన్సుకి 'కరెక్టెడ్ క్లెయిమ్' పంపమను. ఆపరేషన్ నోట్ కూడా చూసుకోమను" అంది. ఈ రెండు ముక్కలూ ఇంగ్లీషులో నాచేత మూడుసార్లు అప్పజెప్పించింది.

ఇవాళ సాయంత్రం ఆరున్నరకి, అంటే డాలస్‌లో పొద్దున ఎనిమిదింటికి, ఫోన్ చేశా. నలభై నిమిషాలు పాట వినిపించారు. ఆఖరికి ఒకావిడ అంతా విని, రివ్యూకి పెడతాం, అప్పటిదాకా కట్టకండి అంది. నేను కవరు మళ్లీ సూట్‌కేసులో పెట్టి, దాన్ని పక్కకి జరుపుదామని వంగానో లేదో, వంటింట్లోంచి అమ్మ కేక:

"నాయనా, ఎత్తమాక! అల్లుడొచ్చి ఎత్తుతాడు."