తుప్పు పట్టని రాడ్డు మనకెక్కడ పనికొస్తుంది? – హనుమకొండలో సైట్ ఇంజినీర్లు, మేస్త్రీల ముందు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం.

వరంగల్‌కు సముద్రం లేదు కదా, తుప్పు పట్టని గ్లాస్ ఫైబర్ రాడ్లు మనకెందుకని చాలామంది అడుగుతుంటారు. ఏదైనా పాత వాటర్ ట్యాంకు ఎక్కి, మూత తీసి, పై స్లాబ్ అడుగుభాగం చూడండి. నీళ్లలో మునిగి ఉండే గోడ చాలాచోట్ల బాగానే ఉంటుంది. నీటికి పైన, గాలి ఆడని చోట స్లాబ్ పెచ్చులూడి, ఎర్రటి రాడ్లు బయటపడి ఉంటాయి. ఎప్పుడూ చెమ్మ, దానికి తోడు క్లోరిన్ ఆవిరి. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కవర్, అంటే రాడ్డు మీది కాంక్రీటు పొర, పగిలిపోతుంది. ఆ పెచ్చులు రాలేది మనం తాగే నీళ్లలోనే.

గ్లాస్ ఫైబర్ రాడ్డు వాడాల్సింది ఇలాంటి చోటేనని నా గట్టి నమ్మకం. సన్నటి గాజు పోగులను రెసిన్ అనే జిగురులో తడిపి, లాగి గట్టిపరిచిన రాడ్డు ఇది. బరువు స్టీలులో నాలుగో వంతు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2023లో దీనికి ఐఎస్ 18256 ప్రమాణం తెచ్చింది, కొనేముందు ఆ ప్రకారం టెస్ట్ రిపోర్టు అడగండి. కాంక్రీటులోని క్షారం మామూలు గాజును మెల్లగా తినేస్తుంది. గాజు, రెసిన్ రెండూ దాన్ని తట్టుకునే రకమై ఉండాలి.

అయితే ‘బలం ఎక్కువ, 12 ఎంఎం బదులు 10 వేసుకోండి’ అని ఎవరైనా అమ్మజూపితే ఒప్పుకోకండి. తెగే బలం ఎక్కువే. కానీ స్టిఫ్‌నెస్, అంటే బరువు పడితే సాగకుండా నిలిచే గుణం, స్టీలుకు 200 గిగాపాస్కల్ అయితే దీనికి 50 దరిదాపుల్లోనే. సైజు తగ్గిస్తే స్లాబ్ కుంగుతుంది, పగుళ్లు వెడల్పవుతాయి. ట్యాంకు గోడలో పగులంటే లీకేజీ, అందుకే నేను పై స్లాబ్ వరకే చెబుతున్నాను. పైగా స్టీలు సాగి ముందే హెచ్చరిస్తుంది, ఇది ఠప్పున తెగుతుంది. మంటలకు రెసిన్ మెత్తబడుతుంది కూడా. ఇంటి బీములకు, పిల్లర్లకు నేనైతే వద్దంటాను.

మేస్త్రీలు ఒకటి గమనించాలి. దీన్ని బెండింగ్ బల్ల మీద వంచితే, వదలగానే మళ్లీ నిటారుగా లేస్తుంది. బలవంతం చేస్తే పోగులు తెల్లగా విచ్చుకుంటాయి, ఆ రాడ్డు ఇక పనికిరాదు. రింగులు, ఎల్ ముక్కలు ఫ్యాక్టరీలోనే వంపు తిప్పించి తెప్పించుకోవాలి. డిస్క్ బ్లేడుతో కోయాలి, ముక్కుకు మాస్క్ ఉండాలి. కాంక్రీటు కన్నా తేలిక కాబట్టి కాంక్రీటును కుదిపే వైబ్రేటర్ పెట్టగానే రాడ్ల జాలీ పైకి తేలే ప్రమాదముంది. కింద కవర్ బ్లాకులు పెట్టి ఊరుకోకుండా, సెంట్రింగ్‌కు, అంటే కింది అచ్చు పలకలకు, లాగి కట్టండి. మన మే నెల ఎండలో రోజుల తరబడి ఆరుబయట వదిలేయకుండా టార్పాలిన్ కప్పండి.

మురుగు మ్యాన్‌హోళ్ల సంగతేమిటని ఇందాక రామగుండం మిత్రులు అడిగారు. అక్కడ మురుగు నుంచి వచ్చే గ్యాస్ ఆమ్లంగా మారి కాంక్రీటునే తినేస్తుంది. రాడ్డు ఏదైనా, పట్టుకునే కాంక్రీటు మిగలాలి కదా. అక్కడ ముందు మంచి లైనింగ్ వేయించండి.