చేప పడలేదా, హిస్టమిన్ విరగలేదా?

నమస్కారం అండి. కానాగంతల వేపుడు తిన్న అరగంటకి మొహం ఎర్రబడి, చెవులు వేడెక్కి, తలపోటు మొదలైందనుకోండి. ఇంట్లో వెంటనే వచ్చే మాట, "నీకు చేప పడదురా" అని. మరి పోయిన నెల అవే కానాగంతలు తింటే ఏమీ కాలేదే? అలర్జీ సాధారణంగా ఇలా ఒకసారి వచ్చి ఇంకోసారి మానదు. ఇక్కడ ముందు అనుమానించాల్సింది హిస్టమిన్‌ని.

హిస్టమిన్ మన ఒంట్లోనూ తయారవుతుంది, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి. కడుపులో ఆమ్లం ఊరడానికి, మెదడు మెలకువగా ఉండడానికి, ఇన్ఫెక్షన్ మీద పోరాటానికి అది కావాలి. పని అయిపోయాక విరిగిపోవాలి, అంతే. విరిచే ఎంజైములు ముఖ్యంగా రెండు. ఒకటి డయమైన్ ఆక్సిడేజ్, పొట్టిగా డీఏఓ. ఇది పేగు గోడ మీది కణాల్లో, మూత్రపిండాల్లో తయారవుతుంది. తిండితో వచ్చే హిస్టమిన్ రక్తంలోకి పోకుండా కాపు కాసేది ఇదే. రెండోది హెచ్‌ఎన్‌ఎమ్‌టీ, కణాల లోపల పనిచేస్తుంది, కాలేయంలోనూ మెదడులోనూ కూడా. డీఏఓ హిస్టమిన్‌లోని అమైన్ భాగాన్ని ఊడదీస్తుంది. మిగిలిన ఆల్డిహైడ్ అనే పదార్థాన్ని ఇంకో ఎంజైము ఆమ్లంగా మార్చాక అది మూత్రంలో పోతుంది.

మన చేలకి నీళ్ళొచ్చే తూము ఒకవైపు, మురుగు డ్రెయిను ఇంకోవైపు ఉంటాయి కదండీ. డ్రెయిను నిండా గుర్రపుడెక్క పేరుకుంటే మామూలు వానకే చేను మునుగుతుంది. డ్రెయిను బాగానే ఉన్నా తుఫాను వానకి మునుగుతుంది. రెండు ముంపులూ పైకి ఒక్కలాగే కనిపిస్తాయి, కారణాలు వేరు. హిస్టమిన్ సంగతీ అంతే: తిండితో మరీ ఎక్కువ వచ్చిపడడం తుఫాను రకం, విరిచే డీఏఓ తగ్గిపోవడం గుర్రపుడెక్క రకం.

తుఫాను రకం ముందు చూద్దాం. కానాగంతలు, ట్యూనా, కవళ్ళు లాంటి చేపల కండలో హిస్టిడిన్ ఎక్కువ. పులస కూడా కవళ్ళ బంధువే. చేప చచ్చాక ఐసు లేకుండా ఎండలో ఉంటే బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. అసలు చిక్కు ఇక్కడుంది: ఒకసారి తయారైన హిస్టమిన్ వేపినా, పులుసులో మరిగించినా, ఫ్రీజర్‌లో పెట్టినా, ఉప్పేసి ఎండబెట్టినా పోదు. వాసన బాగానే ఉండొచ్చు కూడా. మన దేశంలో ఇలాంటి చేపలకి పరిమితి కిలోకి 200 మిల్లీగ్రాములు. అది బాగా దాటిన చేప తింటే పేగు బాగున్నవాళ్ళకీ ఒళ్ళు మండుతుంది. గుర్తు ఏంటంటే, అదే కూర తిన్న ఇంకొకరికీ అలాగే అవుతుంది. సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది.

అందుకే అంతర్వేదిలోనో కాకినాడ రేవులోనో కొనేటప్పుడు ధర కన్నా ముందు ఐసు చూడండి. కిలో చేపకి కిలో ఐసు ఉండాలి, పైన నాలుగు ముక్కలు చల్లితే చాలదు. పులస పులుసు మర్నాడే రుచి అంటారు, నిజమే. చేప తాజాదైతే మామూలు మనిషికి బెంగ లేదు, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. డీఏఓ తక్కువున్నవాళ్ళు మాత్రం ఆ రుచి వదులుకుని అదే పూట తినేయడం మేలు.

ఇప్పుడు గుర్రపుడెక్క రకం. పేగులో డీఏఓ తయారయ్యేది చూషకాల కొసల్లో, అంటే పేగు లోపలి గోడ మీద సన్నటి వేళ్ళలా ఉండేవాటి చివర్లలో. గోధుమ పడని సీలియాక్ జబ్బు, పేగు వాచే క్రోన్స్ జబ్బు, తీవ్రమైన విరేచనాల జబ్బు ఆ కొసల్ని దెబ్బతీస్తాయి, ఎంజైము తగ్గుతుంది. కొందరికి పుట్టుకతోనే జన్యువులో తేడా ఉంటుంది. మద్యం డీఏఓని అడ్డుకుంటుంది, పైగా ఇందాక చెప్పిన ఆల్డిహైడ్‌ని మార్చే ఎంజైముని తన పనికే వాడేసుకుంటుంది. కాబట్టి కల్లు, ఎండుచేప ఒకే పూటంటే రెండు దెబ్బలు. కొన్ని మందులూ డీఏఓని తగ్గిస్తాయి: యాంటీబయాటిక్‌తో కలిపి ఇచ్చే క్లావులానిక్ ఆమ్లం, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, బీపీకిచ్చే వెరాపమిల్. ఇది విని మందు మానేయకండి, డాక్టర్‌ని అడగండి. ఇంకో సంగతి, నిలవ చేపలో పుట్రెసిన్, కడవరిన్ అనే హిస్టమిన్ లాంటి పదార్థాలు కూడా ఉంటాయి. వాటిని విరవాల్సిందీ డీఏఓనే, దాంతో హిస్టమిన్ వంతు వెనకపడుతుంది.

పరీక్ష అంటారా, రక్తంలో డీఏఓ కొలిచే పరీక్షని నమ్ముకుని తేల్చలేం. నిర్ధారణకి ఇప్పటికీ తిండి మానేసి చూడడమే దారి. 2 నుంచి 4 వారాలు ఎండుచేపలు, నిలవ చేపలు, మద్యం, పాత చీజ్, టమాటా, వంకాయ, పాలకూర ఆపండి. అన్నం, బీరకాయ, సొరకాయ, పెసరపప్పు, అప్పుడే కోయించిన కోడి తినొచ్చు. కొరమేను బతికుండగానే దొరుకుతుంది కాబట్టి అదీ తినొచ్చు. ఏం తిన్నారో, ఎన్నింటికి ఏమైందో పుస్తకంలో రాసుకోండి. తగ్గితే ఒక్కొక్కటీ, రెండు మూడు రోజుల ఎడంతో మళ్ళీ మొదలుపెట్టండి. 4 వారాలకీ తేడా లేకపోతే ఈ పథ్యం ఆపేయండి, కారణం వేరే ఉంది. ఎప్పుడైనా గొంతు వాచినా, ఊపిరాడకపోయినా ఇంటి దగ్గర ఈ ప్రయోగాలేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికి.

దురద మాత్ర సెట్రిజిన్ హిస్టమిన్‌ని విరవదు, అది వెళ్ళి తగులుకునే చోటుని మూసేస్తుందంతే. డీఏఓ మాత్రలు భోజనానికి కాస్త ముందు వేసుకోవాలి, పేగులో ఉన్నదాని మీదే పని చేస్తాయి, రక్తంలోకి వెళ్ళిపోయినదాని మీద కాదు. శాకాహారులు కొనేముందు డబ్బా వెనక చదవండి, చాలావరకు పంది మూత్రపిండాల నుంచి తీసినవే.