మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి

నమస్తే అండీ. ఆ రసీదులో గ్రంథాలయ పన్ను అని ఒకటి ఉంటుంది, దాని గురించే నా మాట. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరుగుతాయి, మన నెల్లూరు జిల్లాకు అది సరిగ్గా వాయుగుండాల కాలం. నేను శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టుకొని, ముందురోజే బ్యానర్ కట్టుకొని, తెల్లారి తలుపు తీస్తే శ్లాబు నుంచి నీళ్లు కారుతుండేవి. ముందు బీరువాల మీద పట్ట కప్పడం, తర్వాతే పోటీ. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది. నిలబెట్టి, పేజీలు కాస్త విప్పి, మధ్యలో తెల్లకాగితాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ ఫ్యాను కింద ఉంచాలి.

కూర్చొని పేపర్ చదువుకునే ఉద్యోగం కదా అని నన్ను చాలామంది అన్నారు, బాధేసేది. కొత్త పుస్తకం వస్తే యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే వచ్చిన పుస్తకాలన్నీ వరుసగా రాసే పుస్తకంలో, ఎక్కించాలి, నంబర్ వేయాలి, తెలుగు సాహిత్యమైతే డ్యూయీ పద్ధతిలో, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచే పద్ధతిలో, 894.827, ఆపైన చెదలు, బైండింగు, రోజువారీ లెక్కలు. రిటైరైనవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు రాకపోతే ఉన్న ఒక్కరే రెండు ఊళ్లకు ఇన్‌చార్జి, అంటే ఇక్కడ తెరిస్తే అక్కడ తాళం.

జనం రావడం లేదనే మాట నేను ఒప్పుకోను. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివే పిల్లలు సొంత పుస్తకాలు తెచ్చుకొని మరీ కూర్చుంటారు, ఎందుకంటే మా బీరువాలో ఉన్న గైడు పాత సిలబస్‌ది. కొత్తది కొనడానికి డబ్బు లేక కాదు, ఆ డబ్బు మీరు కడుతూనే ఉన్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను అదనంగా పడుతుంది, 2,000 రూపాయల పన్నుకు 160 రూపాయలన్నమాట. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ వసూలు చేసి జిల్లాలోని గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ దగ్గరే డబ్బు ఆగిపోతుంది. మా బకాయి కోసం ఒక ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాను, ఎప్పుడు వెళ్లినా వచ్చే నెల చూద్దామనేవాళ్లు. వాళ్లకూ డబ్బు టెన్షన్ ఉంటుంది, కాదనను. కానీ అది వాళ్ల డబ్బు కాదు కదా, చదువుకునేవాళ్ల పేరు మీద వసూలు చేసింది.

చీరాల పక్కన వేటపాలెం, మొన్న 2022 దాకా ప్రకాశం జిల్లాలోదే. అక్కడి సారస్వత నికేతనం అనే గ్రంథాలయం 1918లో పుట్టింది. అప్పటికి ఈ చట్టమూ లేదు, ఈ పన్నూ లేదు, పుస్తకం మీద ప్రేమ ఉన్నవాళ్లు చందాలు వేసుకొని నిలబెట్టారు. ఇప్పుడు మనం పన్ను కట్టి కూడా వానకు పట్టలు వెతుక్కుంటున్నాం.

మీ రసీదు తీయండి, గ్రంథాలయ పన్ను ఎంతో చూడండి. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి: గత మూడేళ్లలో ఈ పన్ను ఎంత వసూలైంది, గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు. తెల్లకాగితం మీద రాసినా చాలు. ఇచ్చినట్టు రసీదు మాత్రం అడిగి తీసుకోండి.