ఎమ్మెల్యేకి అనర్హత ఉందా? ఉంటే ఎవరికి పడింది?

నమస్తే. ఈరోజు ఒక్క మాటే చెప్తాను, మళ్లీ మళ్లీ చెప్తాను. మన దగ్గర అనర్హత వేటు ఎమ్మెల్యే మీద పడదు, మాజీ ఎమ్మెల్యే మీద పడుతుంది!

వేములవాడనే తీసుకోండి. భారత పౌరుడు కానివాళ్లు ఎమ్మెల్యేగా ఉండకూడదని రాజ్యాంగం 191వ అధికరణంలోనే ఉంది. చెన్నమనేని రమేష్ గారు 2009లో గెలిచారు, 2010 ఉప ఎన్నికలో గెలిచారు, 2014, 2018లో మళ్లీ గెలిచారు. కేంద్ర హోంశాఖ 2017లో ఒకసారి, 2019లో ఇంకోసారి ఆయన పౌరసత్వం రద్దు చేసింది. కేసు కోర్టులో నడుస్తూనే ఉంది, ఆయన అసెంబ్లీలో కూర్చుంటూనే ఉన్నారు. ఆయన జర్మన్ పౌరుడేనని హైకోర్టు తేల్చింది ఎప్పుడు? 2024 డిసెంబర్‌లో! అప్పటికి ఆయన మాజీ అయి ఏడాది దాటింది. ఖర్చుల కింద 30 లక్షలు కట్టమన్నారు, అందులో 25 లక్షలు ఆయన మీద ఓడిపోయి ఈ కేసు నడిపిన ఆది శ్రీనివాస్ గారికి. బాగుంది. మరి నాలుగుసార్లు క్యూలో నిలబడి ఓటేసిన వేములవాడ జనానికి ఏం దక్కింది?

ఒక్క కేసు పట్టుకుని అరుస్తున్నా అనుకోకండి. కొత్తగూడెంలో వనమా వెంకటేశ్వరరావు గారి 2018 ఎన్నిక చెల్లదని తీర్పు వచ్చింది 2023 జులైలో. నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో వివరాలు దాచారన్నది కేసు. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే, డిసెంబర్‌కల్లా కొత్త అసెంబ్లీ. గద్వాలలోనూ అంతే. 2018లో గెలిచిన బండ్ల కృష్ణమోహన్ రెడ్డి గారి ఎన్నిక చెల్లదు, డీకే అరుణ గారే ఎమ్మెల్యే అని హైకోర్టు 2023 ఆగస్టులో చెప్పింది. దానికీ స్టే వచ్చింది. అదే ఏడాది ఎన్నికల్లో కృష్ణమోహన్ రెడ్డి గారు మళ్లీ నిలబడ్డారు, గెలిచారు కూడా.

అదే సర్పంచ్ ఎన్నికలకి రండి. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరు పిల్లల నిబంధన పెట్టారు. నామినేషన్ల పరిశీలన రోజు అవతలివాళ్లు మూడో బిడ్డ బర్త్ సర్టిఫికెట్ తెచ్చి టేబుల్ మీద పెడితే చాలు, నామినేషన్ తిరస్కరించేవాళ్లు. సాయంత్రానికల్లా ఆ కుటుంబం మొహాలు వేలాడేసుకుని ఇంటికి. ఏపీలో 2024లో, తెలంగాణలో 2025లో తీసేశారు కానీ, ఇన్నేళ్లలో ఆ రూల్ ఎమ్మెల్యేలకి పెట్టాలని ఏ అసెంబ్లీకైనా అనిపించిందా? వార్డు మెంబర్‌కి ఒక్క పూటలో తేలేది ఎమ్మెల్యేకి ఏళ్లు పడుతుందా!

నేను గట్టిగా నమ్మేది చెప్తాను. పార్టీలకి ఈ లెక్క బాగా తెలుసు. కేసు వేస్తే వేయనీ, ఐదేళ్లు ఇట్టే గడిచిపోతాయి అని తెలిసే టికెట్ ఇస్తున్నారు. ఎన్నికల పిటిషన్ ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 86వ సెక్షన్ చెప్తోంది. ఎవరు పట్టించుకున్నారు?

2025 ఆగస్టులో పార్లమెంటులో 130వ సవరణ బిల్లు పెట్టారు గుర్తుందా? పెద్ద కేసులో అరెస్టయి వరసగా 30 రోజులు జైల్లో ఉంటే మంత్రి పదవి ఊడాలట. ఇంకా దోషి అని తేలని మనిషికి 30 రోజులు చాలన్నప్పుడు, అఫిడవిట్ తప్పో ఒప్పో తేల్చడానికి 180 రోజులు ఎందుకు చాలవండీ?

ఎన్నికల పిటిషన్లకి హైకోర్టులో విడిగా బెంచ్ కావాలి, విచారణ రోజూ జరగాలి. ఎన్నిక చెల్లదంటే తీసుకున్న జీతం, అలవెన్సులు మొత్తం కక్కించాలి. మీ నియోజకవర్గంలో ఇలాంటి కేసు ఏది నడుస్తోందో కామెంట్‌లో పెట్టండి. వచ్చే వీడియోలో ఆ కేసులే మాట్లాడదాం.